వ్యర్థజలాల్లో శైవల సేద్యం: ముందు శుద్ధి, తరువాత ఇంధనం

చెరువు మెట్లపై జారుడు పాచిగానూ, నిలవ నీటిపై పచ్చని తెట్టుగానూ అందరికీ పరిచితమైన శైవలాలు, వేరు, కాండం, ఆకు అనే విభజన లేకుండానే సూర్యరశ్మితో తమ ఆహారాన్ని తయారుచేసుకునే అతి ప్రాచీన జీవులు. వాటిలో విడిగా కంటికి కనిపించనంత చిన్నవైన ఏకకణ జీవులను సూక్ష్మశైవలాలంటారు. క్లోరెల్లా, సీనెడెస్మస్ వంటి ఆకుపచ్చ జాతులు వీటిలో ముఖ్యమైనవి; శాస్త్రరీత్యా బాక్టీరియా వర్గానికి చెందినా జీవనవిధానంలో వీటిని పోలి ఉండే స్పైరులినా వంటి నీలి ఆకుపచ్చ జాతులను కూడా ఈ చర్చలో వీటితోనే కలిపి చెప్పడం పరిపాటి. తగిన వెలుతురు, వెచ్చదనం, పోషకాలు దొరికితే ఇవి ఒక్క రోజులోనే రెట్టింపు కాగలవు. పరిశ్రమల, పట్టణాల మురుగునీటిని శుభ్రపరచే పనికి, ఆ శుద్ధిలో పెరిగిన జీవపదార్థం నుండి ఇంధనం తీసే పనికి శాస్త్రజ్ఞులు దశాబ్దాలుగా వీటి వైపు చూడటానికి ఈ వేగమే మూలకారణం.

ఈ వేగానికి హానికరమైన పార్శ్వం కూడా ఉంది. ఇళ్ల నుండి, కర్మాగారాల నుండి, ఎరువులు వేసిన పొలాల నుండి నత్రజని, భాస్వరం కొట్టుకొచ్చి చెరువులో చేరినప్పుడు శైవలాలు అదుపు లేకుండా పెరిగి, తరువాత చచ్చి కుళ్లి, నీటిలోని ప్రాణవాయువును హరిస్తాయి. చేపలు చనిపోతాయి, నీరు దుర్వాసన కొడుతుంది. వేసవిలో హైదరాబాదు హుస్సేన్‌సాగర్ చిక్కని ఆకుపచ్చ రంగుకు మారడం వెనుక ఉన్నది ఈ పరిణామమే; పోషకాలు అతిగా చేరడం వల్ల కలిగే ఈ స్థితిని అతిపోషణ అంటారు. శైవలాలతో మురుగును శుభ్రపరచడమంటే, చెరువులో ఎలాగూ జరగబోయే ఈ పెరుగుదలను చెరువుకు చేరకముందే, మనుషుల అదుపులో ఉండే మడుగులో జరిపించి, పెరిగిన పంటను నీటి నుండి తీసివేయడం. పంటను తీసివేయడమన్నది ఇక్కడ కీలకం. తీయకుండా వదిలేస్తే ఆ పోషకాలన్నీ తిరిగి నీటిలోకే వస్తాయి.

మురుగునీటిలోని సేంద్రియ పదార్థాన్ని విడగొట్టేది ప్రధానంగా బాక్టీరియా. ఆ పనికి వాటికి ఎంత ప్రాణవాయువు కావాలో తెలిపే కొలతనే జీవరసాయన ఆక్సిజన్ అవసరం, అంటే బీఓడీ, అంటారు. ఇది ఎంత ఎక్కువైతే నీరు అంత మలినమైనదని అర్థం. నేడు నగరాల్లో విస్తారంగా వాడుకలో ఉన్న శుద్ధి పద్ధతిలో ఈ ప్రాణవాయువును పెద్ద బ్లోయర్లతో నీటిలోకి బలవంతంగా పంపుతారు. శుద్ధి కేంద్రం వాడే మొత్తం విద్యుత్తులో సగం, కొన్నిచోట్ల అంతకు మించి, ఈ గాలి పంపడానికే ఖర్చవుతుంది. దీనికి తోడు, నీటిలోని నత్రజనిని తొలగించదలచినప్పుడు దానిని వాయువుగా మార్చి గాలిలోకి వదిలేస్తారు. గాలిలోని నత్రజనిని యూరియాగా మార్చడానికి ఎరువుల కర్మాగారాలు సహజవాయువును పెద్దయెత్తున వెచ్చిస్తుండగా, అదే నత్రజనిని మురుగు నుండి తిరిగి గాలిలోకి పంపడానికి మరికొంత విద్యుత్తును వెచ్చించడం ఎంతమాత్రం సమర్థించదగిన వ్యవహారం కాదు.

శైవలాలు ప్రవేశించినప్పుడు ఈ లెక్క మారుతుంది. పగటివేళ అవి కిరణజన్య సంయోగక్రియ ద్వారా విడుదల చేసే ప్రాణవాయువును బాక్టీరియా వాడుకుని సేంద్రియ పదార్థాన్ని విడగొడతాయి. ఆ క్రమంలో బాక్టీరియా విడిచే బొగ్గుపులుసు వాయువును, కరిగిన అమ్మోనియాను, ఫాస్ఫేటును శైవలాలు తీసుకుని పెరుగుతాయి. ఈ పరస్పర సహకారాన్ని ఒక సాంకేతిక పద్ధతిగా రూపొందించిన ఘనత 1950ల్లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పనిచేసిన విలియం ఓస్వాల్డ్‌కు దక్కుతుంది. గుర్రప్పందెపు బాటలా చుట్టి వచ్చే, సుమారు 30 సెంటీమీటర్ల లోతు మాత్రమే ఉండే కాలువలో, నీటిని ఒక తెడ్డు చక్రం నెమ్మదిగా తిప్పుతూ ఉంటుంది. లోతు తక్కువ కావడం వల్ల వెలుతురు అడుగు వరకు అందుతుంది, నీరు కదులుతుండడం వల్ల ప్రతి కణానికీ వెలుతురులో తన వంతు దొరుకుతుంది. మధ్యాహ్నానికి శైవలాలు నీటిలోని బొగ్గుపులుసు వాయువును వాడేయడంతో క్షారత పెరుగుతుంది. ఆ క్షారతకు తోడు ఎండ కూడా పనిచేసి రోగకారక క్రిములను చాలావరకు నశింపజేస్తుంది. రాత్రివేళ మాత్రం కథ తారుమారవుతుంది. వెలుతురు లేనప్పుడు శైవలాలు కూడా ప్రాణవాయువును పీల్చుకుంటాయి. తెల్లవారుజామున చెరువులో చేపలు నీటిపైకి తేలి నోళ్లు తెరవడం చూసి ఏరియేటర్లు ఆన్ చేసే భీమవరం, కైకలూరు ప్రాంతాల ఆక్వా రైతులకు ఈ సత్యాన్ని ప్రత్యేకంగా వివరించనక్కర్లేదు.

ఓస్వాల్డ్ ప్రయోగాలకు ముందే, ఎటువంటి తెడ్డు చక్రమూ లేకుండా, ఇదే సూత్రాన్ని భారీయెత్తున ఆచరణలో పెట్టిన ప్రాంతం భారతదేశంలోనే ఉంది. కోల్‌కతా నగరానికి తూర్పున సుమారు 12,500 హెక్టార్లలో విస్తరించిన చిత్తడి నేలల్లోని భేరీలు అనే లోతు తక్కువ చెరువుల్లోకి అక్కడి మత్స్యకారులు నగరపు మురుగును కొలత ప్రకారం వదులుతారు. కొన్ని రోజుల ఎండకు ఆ నీటిలో శైవలాలు పెరుగుతాయి, శైవలాలను, వాటిని తినే సూక్ష్మజీవులను చేపలు తింటాయి, తేటపడిన నీరు వరి పొలాలకు, కాలువలకు పోతుంది. ఎప్పుడు ఎంత మురుగు వదలాలి, ఎప్పుడు ఆపాలి అన్నది నీటి రంగును బట్టి, వాసనను బట్టి నిర్ణయించే నైపుణ్యం అక్కడి వారికి తరతరాల సొత్తు. ఈ ఏర్పాటు విలువను 1980ల్లో లోకానికి చాటినవాడు ధ్రువజ్యోతి ఘోష్ అనే ప్రభుత్వ ఇంజనీరు. 2002లో ఈ ప్రాంతానికి అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలగా రామ్‌సర్ గుర్తింపు లభించింది. ఇక్కడ శైవల పంటను కోసేది చేప. కోత ఖర్చు అనే సమస్య కోల్‌కతాలో తలెత్తకపోవడానికి కారణం ఇదే. అయితే నగరపు మురుగులో తోళ్ల కర్మాగారాల క్రోమియం వంటి లోహాలు కలిసినప్పుడు అవి చేప ద్వారా మనిషి కంచంలోకి చేరతాయన్న ఆందోళన కూడా ఇక్కడే మొదలవుతుంది. పరిశ్రమల వ్యర్థజలాల విషయంలో అసలు చిక్కు ఇదే.

పరిశ్రమల వ్యర్థజలం అన్నది ఒకే రకమైన ద్రవం కాదు. పాల డెయిరీలు, పిండి మిల్లులు, కబేళాలు, చేపలు, రొయ్యల శుద్ధి కర్మాగారాలు వదిలే నీటిలో నత్రజని, భాస్వరం పుష్కలంగా ఉంటాయి, విషపదార్థాలు దాదాపు ఉండవు. ఇవి శైవలాలకు అనుకూలమైనవి. మద్యం తయారీ కేంద్రాల నుండి వచ్చే ముదురు గోధుమరంగు వ్యర్థంలోనూ, అద్దకం పరిశ్రమల రంగునీటిలోనూ పోషకాలున్నా వెలుతురు చొరబడదు గనుక, ముందుగా పలుచన చేయడమో, రంగును విరగ్గొట్టడమో తప్పదు. తమిళనాడులోని రాణిపేటలో సముద్రపు నాచు నుండి ఆల్జినేట్ అనే చిక్కదనపు పదార్థాన్ని తీసే ఒక కర్మాగారం, తన ఆమ్లపూరితమైన వ్యర్థజలానికి చెన్నై శైవల శాస్త్రజ్ఞుల సహకారంతో సూక్ష్మశైవలాలను ప్రయోగించింది. అంతకుముందు ఆమ్లతను తగ్గించడానికి కాస్టిక్ సోడా పోయవలసి వచ్చేది, దానివల్ల పేరుకునే బురదను వదిలించుకోవడం మరో భారమయ్యేది; శైవలాలు పెరుగుతూనే ఆమ్లతను తగ్గించడంతో ఆ రెండు భారాలూ తేలికయ్యాయి.

లోహాల విషయంలో శైవలాలకు మరొక గుణముంది. వాటి కణకవచంలోని రసాయన సమూహాలకు రుణావేశం ఉండడం వల్ల కాడ్మియం, సీసం, రాగి వంటి ధనావేశిత లోహ అయాన్లు వాటికి అంటుకుంటాయి. జీవం లేని ఎండు శైవలం కూడా ఈ పని చేయగలదు. దీనిని జీవ అధిశోషణం అంటారు. నీరు శుభ్రపడుతుంది కానీ లోహం మాయం కాదు, పచ్చని పదార్థంలోకి చేరి చిక్కబడుతుంది. అటువంటి శైవలాన్ని చేపలకు గానీ, పశువులకు గానీ మేతగా వేయకూడదు, పొలంలో ఎరువుగా చల్లకూడదు. ఇంధనమన్న మాటకు పరిశ్రమల వ్యర్థజలాల సందర్భంలో నిజమైన బలం చేకూరేది ఇక్కడే: ఆహారంగా పనికిరాని జీవపదార్థానికి ఇంధనం ఒక గౌరవప్రదమైన గమ్యం.

శైవలాలకు లొంగని నీరు కూడా ఉందని చెప్పడం అవసరం. హైదరాబాదు సమీపంలోని పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం సుమారు 90 ఔషధ కంపెనీల వ్యర్థాలను స్వీకరిస్తున్న కాలంలో, అక్కడి నుండి బయటకు వచ్చే శుద్ధి చేసిన నీటిని పరీక్షించిన స్వీడన్ శాస్త్రజ్ఞులు, అందులో సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయోటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నట్టు 2007లో ప్రకటించారు. చికిత్స పొందుతున్న రోగి రక్తంలో ఉండే మోతాదును మించిన పరిమాణమిది. ఇటువంటి నీటిలో శైవలాలకు తోడుగా పనిచేయవలసిన బాక్టీరియా బతకదు, నీలి ఆకుపచ్చ జాతులు స్వయంగా బాక్టీరియా కావడం వల్ల అవి కూడా దెబ్బతింటాయి. ద్రావకాలు, అధిక లవణాలు దీనికి అదనం. ఔషధ వ్యర్థాన్ని పుట్టిన చోటే వేరుచేసి, రసాయనికంగా నాశనం చేయక తప్పదు. శైవలాలను ఆ పనికి ప్రత్యామ్నాయంగా చూపడం పటాన్‌చెరు వాగుల వెంట పొలాలు పోగొట్టుకున్న రైతులకు న్యాయం చేయడం కాదు.

శైవలాల నుండి ఇంధనం అన్న ఆలోచన మురుగునీటితోనే పుట్టింది. శైవలాలను పెంచి, పులియబెట్టి, మీథేన్ వాయువు తీసి విద్యుత్తు తయారు చేయవచ్చునని ఓస్వాల్డ్, ఆయన సహచరుడు గోల్యూక్ 1960లోనే ప్రతిపాదించారు. కానీ 1970ల చమురు సంక్షోభం తరువాత ఆ ఆలోచన మురుగును వదిలి చమురు వెంట పడింది. అమెరికా ఇంధన శాఖ 1978 నుండి 1996 వరకు సుమారు 2.5 కోట్ల డాలర్ల వ్యయంతో నడిపిన కార్యక్రమంలో 3,000కు పైగా శైవల రకాలను సేకరించి, వాటిలో కొవ్వు ఎక్కువగా నిల్వ చేసుకునేవాటి కోసం వెదికారు. ఈ కొవ్వును మిథనాల్‌తో చర్య జరిపితే బయోడీజిల్ వస్తుంది. నత్రజని అందకుండా చేస్తే శైవలాలు కొవ్వును కూడబెట్టుకుంటాయన్నది నిజమే. కానీ అదే సమయంలో పెరగడం మానేస్తాయి గనుక రోజుకు దొరికే మొత్తం నూనె పెరగదని ఆ కార్యక్రమం తేల్చింది. న్యూ మెక్సికోలోని రాస్‌వెల్ వద్ద 1,000 చదరపు మీటర్ల మడుగుల్లో ప్రయోగశాల రకాలను వదిలినప్పుడు, స్థానికంగా గాలికి వచ్చి చేరిన జాతులు వాటిని తోసిపుచ్చి ఆ చోటును ఆక్రమించాయి. ఎంపిక చేసిన విత్తనంతో నూనె పంట పండించాలనుకునేవారికి ఇది పరాజయం, నీరు శుభ్రపడితే చాలుననుకునేవారికి ఇది సమస్యే కాదు.

2009లో ఎక్సాన్‌మొబిల్ సంస్థ జన్యుశాస్త్రజ్ఞుడు క్రెయిగ్ వెంటర్ నెలకొల్పిన కంపెనీతో కలిసి 60 కోట్ల డాలర్ల వరకు వెచ్చిస్తామని ప్రకటించి, 2023 నాటికి ఆ ప్రయత్నం నుండి వైదొలగింది. ఈ మధ్యకాలంలో వెలువడిన వివరాల్లో అన్నిటికంటే గట్టిది 2012లో అమెరికా జాతీయ పరిశోధన మండలి వేసిన లెక్క. ఆ దేశపు రవాణా ఇంధనంలో కేవలం 5 శాతాన్ని శైవలాల నుండి తీయాలన్నా, పోషకాలను తిరిగి వాడుకోని పక్షంలో, ఏటా 60 లక్షల నుండి 150 లక్షల టన్నుల నత్రజని, 10 నుండి 20 లక్షల టన్నుల భాస్వరం కావాలని, నత్రజని విషయంలో ఇది ఆ దేశపు మొత్తం వాడకంలో 44 నుండి 107 శాతానికి సమానమని అది హెచ్చరించింది. అంటే ఎరువు కొని శైవలాలను పెంచి ఇంధనం తీయడమన్నది అన్నం పెట్టే పొలాల ఎరువును వాహనాలకు మళ్లించడమే. పోషకాలు ఉచితంగా, అది కూడా వదిలించుకోవలసిన వస్తువుగా దొరికే చోటు వ్యర్థజలమొక్కటే.

అలాగైతే వ్యర్థజలం నుండి ఎంత ఇంధనం వస్తుందో ఒక చిన్న లెక్కతో చూడవచ్చు. రోజుకు 10 లక్షల లీటర్ల మురుగును 30 సెంటీమీటర్ల లోతు మడుగులో 6 రోజులు నిలవ ఉంచాలంటే 2 హెక్టార్లు, అంటే ఇంచుమించు 5 ఎకరాల నీటి విస్తీర్ణం కావాలి. చదరపు మీటరుకు రోజుకు 20 గ్రాముల ఎండు శైవలం పండుతుందనుకుంటే, ఇది ఉష్ణమండలంలో సాధ్యమైన మంచి దిగుబడి, రోజుకు 400 కిలోలు వస్తుంది. ఆ 400 కిలోల్లో సుమారు 30 కిలోల నత్రజని, 4 కిలోల భాస్వరం బంధించబడతాయి. మామూలు పట్టణపు మురుగులో ఉండే నత్రజనిలో ఇది అధికభాగం. ఆ 400 కిలోల్లో 20 శాతం కొవ్వు ఉందనుకుంటే, ఒక్క చుక్క వృథా కాకుండా తీయగలిగినా, 80 కిలోల నూనె వస్తుంది. ఇంచుమించు 10,000 మంది మురుగును శుభ్రపరచడం గొప్ప ఫలితం, 5 ఎకరాల నుండి రోజుకు 80 కిలోల నూనె ఉపఫలం. ఈ క్రమాన్ని తలకిందులు చేసి, నూనెను ప్రధానంగా, శుద్ధిని కొసరుగా చూపినప్పుడల్లా ఈ రంగం పెట్టుబడిదారులను నిరాశపరచింది.

ఆ 80 కిలోల నూనె అయినా తేలికగా చేతికి రాదు. మడుగులోని లీటరు నీటిలో ఉండే శైవలం అర గ్రాము మాత్రమే. ఒక్క కిలో కోసం 2,000 లీటర్ల నీటిని వడకట్టవలసి ఉంటుంది. కణాలు అతి చిన్నవి కావడంతో మామూలు గుడ్డలో నిలవవు, వేగంగా తిప్పి వేరుచేసే యంత్రాలకు విద్యుత్తు విపరీతంగా ఖర్చవుతుంది. అందుకే బాక్టీరియాతో కలిసి ముద్దలు కట్టి తమంతట తాము అడుగుకు దిగే జాతులను ప్రోత్సహించడం నేడు పరిశోధకుల ప్రధాన ప్రయత్నాల్లో ఒకటి. ముద్దగా చేతికి వచ్చినా అందులో ఐదింట నాలుగు వంతులు నీరే ఉంటుంది. కిలో ఎండు పదార్థం కోసం 4 కిలోల నీటిని ఆవిరి చేయడానికి పట్టే వేడి, ఆ కిలో శైవలాన్ని కాలిస్తే వచ్చే శక్తిలో దాదాపు సగం.

ఎండబెట్టనక్కర్లేని మార్గాలే ఇక్కడ సరిపడతాయి. వాటిలో ఒకటి పచ్చిముద్దను 350 డిగ్రీల వేడి, 200 వాతావరణాల పీడనం దగ్గర నీటితో సహా ఉడికించడం. భూగర్భంలో లక్షల ఏళ్లు పట్టే మార్పు ఆ పాత్రలో గంటలోపే జరిగి, ముడిచమురును పోలిన నూనె తేలుతుంది. ఇందులో కొవ్వే కాక మాంసకృత్తులు, పిండిపదార్థాలు కూడా నూనెగా మారతాయి గనుక, కొవ్వు తక్కువగా ఉండే మురుగునీటి శైవలాలకు ఇది తగినది. ఆ నూనెలో నత్రజని ఎక్కువగా మిగిలిపోవడం, శుద్ధి కర్మాగారాలకు పంపేముందు దానిని తొలగించవలసి రావడం దీని లోపం. రెండవది గోబర్ గ్యాస్ తరహాలో గాలి చొరబడని తొట్టెలో పులియబెట్టడం. పైన చెప్పిన 400 కిలోల నుండి రోజుకు 80 ఘనపు మీటర్ల వరకు మీథేన్ ఆశించవచ్చు, శక్తిలో అది సుమారు అన్ని లీటర్ల పెట్రోలుకు సమానం. పైగా పోషకాలు తొట్టెలో మిగిలిన ద్రవంలోనే ఉంటాయి. స్పెయిన్‌లోని చిక్లానా పట్టణంలో 2011లో ఐరోపా సమాఖ్య సహాయంతో మొదలైన పథకం, పట్టణపు మురుగులో శైవలాలను పెంచి, ఆ వాయువును శుద్ధి చేసి, దానితో కార్లను నడిపి చూపింది. ఆ పథకంలో మొదటి వస్తువు శుభ్రపడిన నీరు. 

తెలుగు ప్రాంతంలో ఈ విషయమై చెప్పుకోదగిన పరిశోధన హైదరాబాదులోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థలో జరిగింది. అక్కడి శాస్త్రజ్ఞులు ఏదో ఒక మేలుజాతిని ఎంచుకోకుండా, నగరపు చెరువుల్లో సహజంగా పెరిగే మిశ్రమ శైవలాలనే తెచ్చి గృహ వ్యర్థజలంలో పెంచారు. మొదట పోషకాలతో పెరగనిచ్చి, తరువాత మరో దశలో పోషకాలు అందకుండా చేసి కొవ్వును కూడబెట్టించారు. స్థానిక జాతులతో పోరాడకుండా వాటినే పనిలోకి తీసుకోవడం రాస్‌వెల్ అనుభవం తరువాత సమంజసమైన దారి.

పెద్ద నగరాల్లో అడ్డుపడేది భూమి. హైదరాబాదులోని అంబర్‌పేట శుద్ధి కేంద్రం సామర్థ్యం రోజుకు 33.9 కోట్ల లీటర్లు. పై లెక్క ప్రకారం అంత నీటికి దాదాపు 680 హెక్టార్ల మడుగులు, అంటే హుస్సేన్‌సాగర్ కంటే పెద్ద జలవిస్తీర్ణం కావాలి. ఆ కేంద్రం ఉన్న మూసీ నది ఒడ్డున అంత స్థలం దొరకదు. శైవలాలను నిలువుగా తిరిగే పట్టీలపై పొరగా పెంచి, గోకి తీసే పద్ధతి అమెరికాలోని అయోవాలో రూపుదిద్దుకుంది. స్థలమూ, కోత ఖర్చూ రెండూ తగ్గించే ఆ ఏర్పాటులో వచ్చే పంట ఎక్కువగా ఎరువు వైపే పోతోంది. లోహాలు కలవని మురుగు నుండి వచ్చిన శైవలానికి ఎరువు ధర ఇంధనం ధర కంటే మెరుగు గనుక అందులో తప్పేమీ లేదు.

భూమి కొరత అంతగా లేని చోట్లు వేరే ఉన్నాయి. జిల్లా పట్టణాల శివార్లలో, డెయిరీల వెనుక, కోస్తా జిల్లాల్లో ఉప్పు తేలి పంటకు పనికిరాకుండా పోయిన నేలల్లో ఎండకు కొదవ లేదు. రొయ్యల చెరువుల నుండి పంట చివర కాలువల్లోకి వదిలే నీరు ఉప్పునీటి శైవలాలకు సరిపోయే పోషక ద్రావణం. కొల్లేరు వంటి సరస్సుల్లో అది చేరకుండా ఆపడమే ఒక పెద్ద లాభం. ఈ చోట్లన్నిటా మడుగు నిర్వాహకుడికి రావలసిన ఆదాయంలో పెద్దభాగం శుద్ధి చేసినందుకు పరిశ్రమ గానీ, పురపాలక సంఘం గానీ చెల్లించే రుసుము కావాలి, తొలగించిన నత్రజని, భాస్వరం బరువును బట్టి ఆ రుసుము నిర్ణయం కావాలి. ఇక లోహాలున్న వ్యర్థజలం నుండి తీసిన శైవలాన్ని వాయువుగానో, నూనెగానో మార్చిన తరువాత మిగిలే మడ్డిలో, బూడిదలో ఆ లోహాలన్నీ ఉంటాయి. హైదరాబాదు చుట్టుపక్కల పరిశ్రమల విషయంలో ఆ మడ్డి చివరకు చేరవలసింది దుండిగల్‌లోని ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికే గనుక, అక్కడికి తరలించి పూడ్చే ఖర్చును కూడా ఇంధనం ఖరీదులో మొదటి రోజు నుండే కలిపి లెక్క వేయాలి.